చెవి దోషమా? తీగ దోషమా?

ఈసారి మా ఇంట్లో జరిగిన సంగతే చెబుతాను. కారున్నవాళ్లకీ, ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లకీ పనికి వస్తుంది.

మాది విజయవాడ. ఆదివారం వచ్చిందంటే బందరులో వున్న మా అక్కయ్యను చూడడానికి కారులో బయలుదేరతాం. నాన్నగారిది వెనక ఎడమవైపు సీటు. ఘంటసాల పాటలు పెడితే చాలు, ఆయన కూనిరాగం తీస్తూ, మధ్యమధ్య పాత సినిమా కబుర్లు చెబుతూ వుండేవారు. అలాంటి మనిషి రెండు నెలలుగా కారెక్కితే మౌనవ్రతం. పెద్దతనం కాబోలు అనుకుని వూరుకున్నాను.

ఒక రాత్రి మా ఆవిడ గుట్టు విప్పింది. "మామయ్యగారు నాతో ఒక మాటన్నారు. 'అమ్మాయ్, నా చెవులు పోయినట్టున్నాయి. పాట సగంలో మాయమై మళ్లీ వస్తోంది. వాడితో అనకు, డాక్టర్లంటూ ఖర్చు పెట్టుకుంటాడు' అన్నారు."

నా మనసు చివుక్కుమంది. మర్నాడు మా ఆవిడ చేత కారు నడిపించి, నేను నాన్నగారి సీట్లో కూర్చున్నాను. వీధి చివర స్పీడుబ్రేకరు ఎక్కామో లేదో నా పక్కనున్న స్పీకరు గప్‌చిప్! రెండు వీధులు దాటాక మళ్లీ పలికింది. చెవుడు స్పీడుబ్రేకరు చూసుకుని రాదు గదా! ఇన్నాళ్లూ కుడివైపు కూర్చుని నడిపే నాకు కుడి స్పీకరు చక్కగా వినిపిస్తూంటే, ఎడమవైపు సంగతి ఎలా తెలుస్తుంది?

ఒక దుకాణంలో చూపిస్తే, "సెట్టంతా మార్చాలండీ" అన్నాడు. ఆ ఖర్చు విని ఇంటికొచ్చి నేనే మొదలుపెట్టాను.

స్పీకర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతూంటే కరెంటు వైరో, ఎర్తు వైరో వదులైందనీ, లేదా సెట్టులోనే జబ్బు వుందనీ అనుమానించాలి. ఒక్కటే ఆగితే ఆ స్పీకరుదో, దాని వైరుదో తప్పయివుంటుంది. సెట్టులో వున్న బాలెన్సు, ఫేడరు తిప్పి ధ్వనిని ఒక్కొక్క మూలకే పంపితే ఏది నోరు మూసుకుంటోందో తేలిపోతుంది.

ఎప్పుడు ఆగుతోందో కూడా గమనించాలి. కుదుపుకో, డోరు తీసినప్పుడో ఆగితే వైరు తెగడమో, వదులవడమో. ధ్వని బాగా పెంచినప్పుడే ఆగితే, ఆంప్లిఫయరు వేడెక్కో, స్పీకరు వైర్లు ఒకదానికొకటి గాని కారు రేకుకి గాని తగిలో, తన్ను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోందన్నమాట.

ఇక స్పీకరుకి పరీక్ష. దాని వైర్లు విప్పేసి, ఒకటిన్నర వోల్టుల టార్చి సెల్లు ఒక్క క్షణం తాకిస్తే 'టక్'మనాలి. మీటరు పెడితే 4 ఓముల స్పీకరు సుమారు 3 నుంచి 4 వరకు చూపించాలి. మాది 'టక్'మంది, మీటరూ సరిగానే చూపించింది. స్పీకరు నిర్దోషి!

దాన్ని మళ్లీ తగిలించి, పాట పెట్టి, డోరు మెల్లగా తీస్తూ మూస్తూ చూశాను. డోరు కదిలినకొద్దీ పాట వస్తూ పోతూ వుంది. దొంగ దొరికాడు! డోరుకీ కారు బాడీకీ మధ్య వుండే రబ్బరు గొట్టం జరిపి చూస్తే, వైరు పైతొడుగు నిక్షేపంగా వుంది. లోపలి రాగి తీగలు మాత్రం తెగివున్నాయి. డోరు తీసినప్పుడల్లా అదే చోట వంగి వంగి తెగాయి. కొసలు తాకితే పాట, విడితే మౌనం.

బాటరీ నెగటివు వైరు విప్పాకే పని పట్టాను. తెగినచోటే అతికితే మళ్లీ అక్కడే తెగుతుంది కనుక, వంగే భాగమంతా తీసేసి కొత్త వైరు వేసి, అతుకులు వంగని చోటుకి జరిపి టంకం పెట్టాను. ఒక హెచ్చరిక: పసుపు తొడుగున్న వైర్లు ఎయిర్‌బాగువి, వాటి జోలికి పోకండి. స్పీకరు నెగటివు వైరును కారు రేకుకి కలపకండి.

ఖర్చంతా కలిపి మూరెడు వైరు, కాస్త టంకం. ఆ మాత్రం దానికి ఆయన రెండు నెలలు లోలోపల కుమిలిపోయారు. ఇంట్లో పెద్దవాళ్లు వినిపించడం లేదంటే డాక్టరుకి చూపించండి, తప్పులేదు. కాని ముందొకసారి వాళ్ల సీట్లో కూర్చుని చూడండి.

మొన్న ఆదివారం మళ్లీ బందరు ప్రయాణం. ఊరు దాటేసరికి వెనకనుంచి కూనిరాగం మొదలైంది. వుయ్యూరు దగ్గర పడుతూండగా నాన్నగారి గొంతు:

"ఒరేయ్, కాస్త తగ్గించరా! చెవులు గింగురుమంటున్నాయి!"