కళ్ల ముందున్న చెక్ ఏమైంది?

బావ ఫ్లైట్ గంటన్నర లేట్. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ అరైవల్స్ బయట చాయ్ పక్కన పెట్టుకుని ల్యాప్‌టాప్ తెరిచా. రెండ్రోజులుగా ఏడిపిస్తున్న డ్రైవర్ ఒకటుంది. వర్చువల్ మెషీన్‌లో లోడ్ చేయగానే లైనక్స్ కెర్నల్ కుప్పకూలుతోంది (మీ ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉండేదీ ఈ కెర్నలే). తెల్లారేసరికి సరిచేసి పంపాలి.

జీడీబీలో వేరియబుల్ విలువ అడిగితే ఒకటే జవాబు: ‘ఆప్టిమైజ్డ్ అవుట్’. కోడ్‌ని స్పీడ్ చేసే హడావుడిలో కంపైలర్ దాన్ని ఎక్కడా ఉంచలేదన్నమాట. సరే, -ఓ2 తీసేసి -ఓ0 పెట్టా. మామూలు ప్రోగ్రామ్‌లకైతే అదే మందు. కెర్నల్ మాత్రం బిల్డే అవలేదు! ఎప్పటికీ నడవని కోడ్‌ని కంపైలర్ తీసేస్తుందన్న నమ్మకం మీదే అందులో చాలాచోట్ల రాశారు. తీసేయకపోతే, అసలు లేని ఫంక్షన్ల కోసం లింకర్ వెతుక్కుంటుంది.

అందుకే మొత్తం కెర్నల్ జోలికి పోకండి. మేక్‌ఫైల్‌లో మీ ఒక్క ఫైల్‌కే -ఓజీ పెట్టండి. డీబగ్గింగ్ కోసమని జీసీసీ 4.8లో వచ్చిన సెట్టింగ్ అది. అన్నీ కనిపిస్తాయని గ్యారంటీ లేదు కానీ నాకు కనిపించింది. నల్! పాయింటర్‌ని ముందు వాడేసి, తర్వాతి లైన్‌లో ‘ఇది నల్లా?’ అని చెక్ చేశా. సిగ్గేసింది.

సరిగ్గా ఇదే తప్పు 2009లో లైనక్స్ ‘టన్’ డ్రైవర్‌లో బయటపడింది. పాయింటర్‌ని ఆల్రెడీ వాడారు కదా, నల్ అయ్యుండదులే అని జీసీసీ ఆ చెక్‌నే తీసేసింది. ‘ఇంతదాకా వచ్చాడంటే పాస్ ఉన్నట్టేగా’ అని బోర్డింగ్ గేటు దగ్గర స్టాఫ్‌ని ఇంటికి పంపేసినట్టు. మామూలుగా నల్‌ని వాడితే కెర్నల్ అక్కడే ఆగాలి. కానీ సున్నా అడ్రస్ దగ్గర మెమరీ ముందే సిద్ధం చేసుకున్నవాడు నేరుగా లోపలికెళ్లి రూట్ అధికారం కొట్టేయొచ్చు. సోర్స్ చదివితే చెక్ కళ్ల ముందే ఉంటుంది, నడిచే కోడ్‌లో ఉండదు. భయం వేసేది అక్కడే. ఆ ఏడాదే డ్రైవర్‌ని సరిచేశారు. అలాంటి చెక్‌లు తీయొద్దని జీసీసీకి చెప్పే ‘-ఎఫ్‌నో-డిలీట్-నల్-పాయింటర్-చెక్స్’ ఆప్షన్‌నీ కెర్నల్ బిల్డ్‌లో చేర్చారు.

నా రెండు లైన్లూ అటుదిటు మార్చా. -ఓజీ తీసేసి, జనం వాడే -ఓ2తోనే మళ్లీ బిల్డ్ చేశా. డ్రైవర్ లోడైంది. కెర్నల్ పడలేదు.

“ఏం బామ్మర్దీ, బాగా బోర్ కొట్టిందా?” ట్రాలీ తోసుకుంటూ బావ. చాయ్ చల్లారిపోయింది.