కుంగ్‌ఫూ వీడియోల్లో కనిపించని మెట్లు

సాయంత్రం క్యాజువాల్టీ డ్యూటీలో అప్పుడప్పుడూ ఒక రకం కేసులు వస్తుంటాయి. ముక్కు వాచిన ఇంటర్ కుర్రాడు, చిటికెనవేలి కణుపు లోపలికి కుంగిపోయిన ఇంజినీరింగ్ విద్యార్థి, ‘నిన్నటి నుంచి తల దిమ్ముగా ఉంది’ అంటూ తల్లి పక్కన తలవంచుకుని కూర్చున్న పదో తరగతి పిల్లాడు. బండి మీద నుంచి పడ్డావా అంటే కాదంటారు. కాస్త గుచ్చి అడిగితే సంగతి బయటపడుతుంది. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఇద్దరు స్నేహితులు స్పారింగ్ చేశారు. ఎవరు నేర్పారు? ఫోన్.

నేను జనరల్ మెడిసిన్ వైద్యుణ్ని. కుంగ్‌ఫూలో ఏ స్టైల్ గొప్పదో తేల్చే అర్హత నాకు లేదు. కానీ దెబ్బ తిన్నాక శరీరం ఏమవుతుందో చూస్తుంటాను కాబట్టి, దెబ్బ తినకముందు ఏం చూసుకోవాలో చెప్పగలను. పిల్లల చేత ఈ విద్య మాన్పించమని చెప్పడానికి మాత్రం ఇది రాయడం లేదు. అయిదు నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ట్యూషన్లు, స్టడీ అవర్ల మధ్య మన పిల్లలకు అది ఎక్కడ కుదురుతోంది? తెల్లారే లేచి, మోకాళ్లు వంచి, తొడలు వణికేదాకా నిలబడే పిల్లవాడు మీ ఇంట్లో ఉంటే సంతోషించండి.

చిక్కంతా ఏడాది, ఏడాదిన్నర సాధన చేశాక వస్తుంది. పంచ్‌లు, బ్లాక్‌లు, కిక్‌లు గాల్లో వేసీ వేసీ పిల్లలకు ఒక అనుమానం మొదలవుతుంది. ‘ఎదుటివాడు నిజంగా మీదకొస్తే ఇదంతా పనికొస్తుందా?’ చాలా మంచి అనుమానమది. కానీ క్లాసులో మాస్టర్ బెల్ట్ టెస్టుకు కావలసినవే చేయిస్తుంటాడు. దాంతో పిల్లలు ఫోన్‌లో వెతుకుతారు. దొరికేవి ఎక్కువగా రెండు రకాలు. ఒకటి, ఎంతో అందంగా ఒంటరిగా చేసే విన్యాసాలు. రెండోది, ఒక్క దెబ్బకు మనిషి కూలిపోయే తుక్కు. ఈ రెండింటి మధ్య ఉండాల్సిన మెట్లు చూపించే వీడియోలు ఉన్నా అవి పైకి రావు. ఇద్దరు మనుషులు పది నిమిషాల సేపు మెల్లగా భుజాలు తాకించుకుంటూ, తప్పించుకుంటూ, మళ్లీ మొదలెడుతూ ఉంటే ఎవరు చూస్తారు? అసలైన నేర్పు ఉండేది ఆ విసుగు పుట్టించే పది నిమిషాల్లోనే.

డ్రిల్‌లో ఎదుటివాడు మీతో ఒప్పందంలో ఉంటాడు. కుడిచెయ్యి వస్తుందని, ఛాతీ ఎత్తులో వస్తుందని, ఒక్కసారే వస్తుందని మీకు ముందే తెలుసు. స్పారింగ్‌లో ఆ మూడూ తెలియవు. మెదడు చూసి, తేల్చుకుని, కండరానికి చెప్పే ఆ లిప్తపాటు పనికి విడిగా తర్ఫీదు కావాలి. వింగ్‌చున్ స్టైల్‌లో ‘చీ సావ్’ అని ఒకటుంది. ఇద్దరూ ముంజేతులు ఆనించుకుని ఎదుటివాడి ఒత్తిడిని చర్మంతో పసిగట్టే సాధన. అది కూడా సగం మెట్టే కానీ పోరాటం కాదు.

ఈ మెట్లు ఎక్కకపోతే ఏమవుతుందో 2017 ఏప్రిల్‌లో చైనాలోని చెంగ్డూలో లోకమంతా చూసింది. వెయ్ లే అనే తాయ్‌చీ గురువు, షు షియాడాంగ్ అనే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఫైటర్‌తో తలపడి కొద్ది సెకన్లలోనే కిందపడ్డాడు. తాయ్‌చీ పనికిరాదని చాలామంది తీర్మానించేశారు. నాకు తోచింది వేరు. తోసే మనిషితో సాధన చేయనిదే తోపుడు తట్టుకోవడం రాదు. జపాన్‌లో కనో జిగోరో ఈ సంగతి ఎప్పుడో గ్రహించాడు. 1882లో కొడోకాన్ పెట్టి జూడోకి రూపం ఇచ్చినప్పుడు, ప్రాణం మీదకు తెచ్చే ఎత్తుల్ని కటాలకు పరిమితం చేసి, మిగతావాటితో పూర్తి బలంతో పెనుగులాడే ‘రందోరి’ని ప్రధానం చేశాడు. ప్రమాదకరమైనవి తీసేసినందువల్లే శిష్యులు రోజూ నిజంగా పోరాడగలిగారు. పిల్లలు దీనికి తలకిందులుగా చేస్తున్నారు. అత్యంత ప్రమాదకరమైనది వీడియోలో చూసి, అదే మొదట ప్రయత్నిస్తున్నారు.

అందుకని వీడియోలు చూడొద్దనను. ఎలాంటివి చూడాలో చెబుతాను. చూపించేవాడి పక్కన ఉన్న జోడీ బొమ్మలా నిలబడి దెబ్బలు తింటుంటే అది ప్రదర్శన, పాఠం కాదు. జోడీ అడ్డుకుంటున్నాడా, చూపించేవాడి ఎత్తు అప్పుడప్పుడైనా బెడిసికొడుతోందా అని చూడండి. బెడిసికొట్టినప్పుడు కోసేయకుండా, ఎందుకు కుదరలేదో చెప్పే వీడియో దొరికితే దాన్ని దాచుకోండి. ‘సాండా’ అని వెతికితే మేలు. కుంగ్‌ఫూ నుంచి పుట్టిన పోటీ రూపమది. గ్లవ్స్, కవచాలు, నిబంధనలు ఉంటాయి కాబట్టి డ్రిల్ నుంచి స్పారింగ్‌కి వెళ్లే దారి అందులో కాస్త స్పష్టంగా కనబడుతుంది.

ఆ దారి పొడుగైనది. ముందు అదే పాత డ్రిల్, కాకపోతే దెబ్బ ఎప్పుడొస్తుందో చెప్పరు. తర్వాత రెండింటిలో ఏది వస్తుందో చెప్పరు. ఆ తర్వాత ఒకరు కొడతారు, రెండోవారు అడుగులతో తప్పించుకోవడమే తప్ప తిరిగి కొట్టరు. ఇవన్నీ వంటబట్టాక భుజాలు, పొట్ట మాత్రమే అరచేత్తో తాకే ఆట, నిమిషం నిమిషంన్నర రౌండ్లు. ఇక్కడికి రావడానికే నెలలు పడుతుంది. ఇంతవరకు వీడియో సాయపడగలదు. తలకు తగిలే స్పారింగ్ మాత్రం ఎదురుగా నిలబడి ‘ఆపు’ అనగలిగే మాస్టర్ లేకుండా చేయకూడదు. ఇది నా ఖచ్చితమైన అభిప్రాయం. ఒకడికి కోపం వచ్చిందని, రెండోవాడి కళ్లు తేలిపోతున్నాయని ఫోన్ కనిపెట్టలేదు.

‘హెడ్‌గార్డ్ కొన్నాం కదండీ’ అంటారు తల్లిదండ్రులు. పెరుగు గిన్నెకు దళసరి తువ్వాలు చుట్టి గట్టిగా కుదపండి. గిన్నెకు సొట్ట పడదు, లోపల పెరుగు మాత్రం చెదిరిపోతుంది. హెడ్‌గార్డ్ కూడా అంతే. చర్మం చీలకుండా కాపాడుతుంది కానీ పుర్రె లోపల మెదడు ఊగకుండా ఆపలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో పురుష బాక్సర్లు హెడ్‌గార్డ్ లేకుండానే తలపడ్డారు. అది మంచి నిర్ణయమా కాదా అన్న వాదన అలా ఉంచండి. హెడ్‌గార్డ్ ఉందన్న ధీమాతో పిల్లలు మరింత గట్టిగా కొట్టుకోవడమే నా భయం. పళ్లకు మౌత్‌గార్డ్, మగపిల్లలకు గ్రాయిన్ గార్డ్ మాత్రం తప్పనిసరి.

మెదడు ఇలా అదిరితే వచ్చేదాన్ని కంకషన్ అంటాం. స్పృహ తప్పక్కర్లేదు. తలనొప్పి, వికారం, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే అడగడం, చదివింది తలకెక్కకపోవడం, ఊరికే చిరాకు పడటం. సీటీ స్కాన్ నార్మల్ వచ్చిందంటే లోపల రక్తస్రావం లేదని అర్థం, కంకషన్ లేదని కాదు. మొదటి ఒకటి రెండు రోజులు ఫోన్, చదువు, ఆట తగ్గించి విశ్రాంతి ఇవ్వాలి. తర్వాత నడక, ఆపై తేలికపాటి పరుగు, ఆపై ఒంటరి డ్రిల్... మెట్టుకు కనీసం ఒక రోజు చొప్పున, లక్షణాలు తిరగబెట్టకపోతేనే ముందుకు వెళ్లాలి. ముందు బడికి సరిగ్గా వెళ్లగలగాలి, ఆ తర్వాతే స్పారింగ్, అదీ డాక్టర్ చూశాకే. మానకముందే రెండో దెబ్బ తగిలితే అరుదుగానైనా మెదడు ఒక్కసారిగా వాచిపోయి ప్రాణం పోవచ్చు.

గుండె గురించి కూడా చెప్పాలి, ఎవరూ అడగరు కాబట్టి. పరుగెత్తుతూ ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయిన పిల్లలు, ఆయాసంతో పాటు ఛాతీ నొప్పి వచ్చేవాళ్లు, చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చినవాళ్లు, దగ్గరి బంధువుల్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లున్న పిల్లలు... వీళ్లను స్పారింగ్‌కి ముందే డాక్టర్‌కి చూపించి, అవసరమైతే ఈసీజీ, ఎకో తీయించాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికైనా ఛాతీకి సరిగ్గా గుండె మీద, ఒక ప్రత్యేక క్షణంలో దెబ్బ తగిలితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. చాలా అరుదు. కానీ అప్పుడు వెంటనే సీపీఆర్ మొదలుపెట్టి, 108కి ఫోన్ చేసేవాళ్లు పక్కన ఉండాలి. ఫీజు కట్టేముందు మాస్టర్‌ని ‘మీకు ఎన్ని మెడల్స్ వచ్చాయి’ అని కాదు, ‘మీకు సీపీఆర్ వచ్చా’ అని అడగండి. (ఇంకో చిన్న సంగతి: గ్లవ్స్, హెడ్‌గార్డ్ ఒకరివి ఒకరు వాడితే తామర అంటుకుంటుంది. మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిపిన క్రీమ్ రాస్తే అది తగ్గినట్టే తగ్గి మొండికేస్తుంది.)

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఆత్మరక్షణ కోసమని అమ్మాయిని క్లాసులో చేరుస్తారు. స్పారింగ్ అనగానే ‘ముఖం మీద మచ్చ పడితే?’ అని ఆపేస్తారు. సర్టిఫికెట్ వస్తుంది, ధైర్యం కూడా వస్తుంది. కానీ ఒక్కసారి కూడా ఎవరూ గట్టిగా చెయ్యి పట్టుకుని లాగని అమ్మాయికి వచ్చే ధైర్యం ప్రమాదకరమైనది. మెట్లు సరిగ్గా ఎక్కిస్తే అమ్మాయిలకూ స్పారింగ్ క్షేమమే. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సాండాలో మన దేశానికి వెండి పతకం తెచ్చింది మణిపూర్ అమ్మాయి రోషిబినా దేవి. ప్రపంచ బాక్సింగ్ టైటిల్ రెండుసార్లు గెలిచింది మన నిజామాబాద్ నిఖత్ జరీన్. ఇద్దరినీ ఎవరో ఒకరు బరిలోకి దిగనిచ్చారు.

క్యాజువాల్టీలో నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది దెబ్బ కాదు, అబద్ధం. ‘బాత్‌రూమ్‌లో జారాను’ అంటాడు పిల్లాడు, నాన్న తిడతాడని. తలకు ఎన్ని దెబ్బలు తగిలాయో, ఎప్పుడు తగిలాయో తెలియకపోతే మేం తేల్చుకోవడం కష్టమవుతుంది. తలకు దెబ్బ తగిలాక కాసేపు మామూలుగానే మాట్లాడి, కొన్ని గంటల్లో మత్తులోకి జారిపోయేవాళ్లు ఉంటారు. కాబట్టి ఇంట్లో ముందే చెప్పి ఉంచండి, దెబ్బ తగిలితే తిట్లుండవని. పదేపదే వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, ఫిట్స్, లేపితే లేవకపోవడం, మాట తడబడటం, ఒక చెయ్యో కాలో సత్తువ తగ్గడం, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలా కారడం... వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి. డాక్టర్ చూసేదాకా పారాసెటమాల్ తప్ప ఆస్ప్రిన్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేయకండి. వచ్చేటప్పుడు ఎన్ని గంటలకు తగిలింది, ఎటువైపు తగిలింది, ఎన్నిసార్లు వాంతి అయింది, ఏ మాత్ర వేశారన్నది కాగితం మీద రాసుకురండి. వీలైతే ఎదురుగా నిలబడి కొట్టిన స్నేహితుణ్ని కూడా వెంట తీసుకురండి. వాడికి గుర్తున్నంత వివరంగా మరెవరికీ గుర్తుండదు.