క్యాట్ పోయిందా, చంపేశారా?

డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ పసుపురంగులో వెలగ్గానే చాలా షాపుల్లో జరిగేది ఒకటే. స్కానర్ పెడతారు, పి0420 అని కనబడుతుంది, "క్యాట్ పోయింది" అని తీర్పు చెప్పేస్తారు. లాగ్‌లో ఒక్క లైను చూసి సర్వర్ మార్చెయ్యమనే వాణ్ణి మన ప్రాజెక్టులో రెండ్రోజులుంచుతామా? కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం నోరు మూసుకుని కార్డు తీసిచ్చేస్తాం!

బెంగుళూరు నుంచి మా గుడిబండకి (కర్ణాటకలోని గుడిబండె కాదండోయ్, మడకశిర పక్కన మాది) నెలకి రెండుసార్లు వెళ్ళొస్తుంటాను. నాది 2014 నాటి పెట్రోలు బండి. దారిలో ఇదే లైటు వెలిగింది. ఒక షాపులో (పేరెందుకు లెండి) చూపిస్తే, "క్యాట్ పోయిండాది సార్. కొత్తదంటే శానా అవుతాది. కోసేసి లోపలంతా ఖాళీ చేసి వెల్డింగ్ పెట్టిస్తా, పికప్ కూడా వస్తాది" అన్నాడు. అదే స్కానర్లో పి0303 అని ఇంకో కోడుంది. అంటే మూడో సిలిండర్లో మిస్‌ఫైర్. దాన్నెవరూ పట్టించుకోలేదు. అసలు కథంతా అక్కడే ఉంది.

క్యాటలిటిక్ కన్వర్టర్ బ్రేక్ ప్యాడ్ లాంటిది కాదు, వాడగా వాడగా అరిగిపోవడానికి. లోపల తేనెపట్టులా సన్నటి రంధ్రాలున్న పింగాణీ దిమ్మ, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. కార్బన్ మోనాక్సైడునీ, కాలని పెట్రోలునీ కార్బన్ డయాక్సైడు, నీరుగా మారుస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లని మళ్ళీ నైట్రోజన్ చేస్తుంది. సాధారణంగా అది తనంతట తాను చావదు, ఎవరో ఒకరు చంపుతారు. ఒకప్పుడు ఆ హంతకుడు పెట్రోల్లో కలిపే సీసం. అందుకే 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి కన్వర్టర్ తప్పనిసరి చేసినప్పుడే సీసంలేని పెట్రోలు కూడా తెచ్చారు, 2000కల్లా దేశమంతా సీసం పోయింది. ఇప్పటి హంతకులు వేరు: మిస్‌ఫైర్, అతిగా పడే పెట్రోలు, ఇంజన్ తాగే ఆయిలు. కాలని పెట్రోలు కన్వర్టర్లోకెళ్ళి అక్కడ మండితే ఆ వేడికి పింగాణీ కరిగిపోతుంది కూడా.

మరి పి0420 చెప్పేదేమిటి? "కన్వర్టర్ సామర్థ్యం ఉండాల్సినదానికంటే తక్కువగా కనబడుతోంది" అని, అంతే. కనబడటానికీ ఉండటానికీ తేడా ఉంది కదా. నా బండిలాంటి వాటిలో ముందున్న ఆక్సిజన్ సెన్సర్ 0.1, 0.9 వోల్టుల మధ్య గంతులేస్తుంటుంది. కన్వర్టర్ బాగుంటే వెనక సెన్సర్ 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉంటుంది. అదీ గంతులేస్తే అనుమానించాలి. అప్పుడైనా ముందు ఎగ్జాస్ట్ లీకుందేమో, సెన్సర్ బాగుందేమో, మిస్‌ఫైర్ ఉందేమో చూడాలి.

నేనదే చేయించాను. మూడో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్ని పక్కదానితో మార్చి చూస్తే మిస్‌ఫైర్ కూడా పక్క సిలిండర్‌కి వెళ్ళింది. దొంగ దొరికాడు! కొత్త కాయిలు, ప్లగ్గులు వేయించి, కోడు తుడిచి, వారం తిప్పినా వెనక సెన్సర్ గంతులాగలేదు. చల్లారాక కన్వర్టర్ మీద తడితే లోపల గలగల. అప్పుడు, అప్పుడే కొత్తది వేయించాను, కొత్త గాస్కెట్లతో సహా. కాయిల్ మార్చకుండా కన్వర్టర్ ఒక్కటే మార్చి ఉంటే కొత్తదీ పాతదాని దారే పట్టేది. మళ్ళీ అదే షాపు, మళ్ళీ అదే తీర్పు, మళ్ళీ నా డబ్బే!

ఇక ఖాళీ చెయ్యడం సంగతి. టెస్టు ఫెయిలవుతోందని టెస్టునే డిలీట్ చెయ్యడం ఇది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత కాలుష్య నిబంధనలు మీరితే 190(2) కింద పదివేల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. "పొల్యూషన్ సర్టిఫికెట్ ఇప్పిస్తాం సార్" అంటారు. ఇప్పించినా ఒరిగేదేముంది? మామూలు పెట్రోలు బండికి ఆ పరీక్షలో నైట్రోజన్ ఆక్సైడ్లు చూడనే చూడరు. కాగితం పాసైనంత మాత్రాన పొగ పాసైనట్టు కాదు.

"రోడ్డు మీద లారీలన్ని పొగ వదుల్తుంటే నా ఒక్క కారుతోనేనా?" అనేవాళ్ళకి ఒకటే మాట. లారీవాడి పొగ రోడ్డు మీద పోతుంది. మీ కారు మాత్రం మీ ఇంటిముందే, మీ అమ్మ ముగ్గేసే చోటే ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని నిలబడుతుంది. కార్బన్ మోనాక్సైడుకి రంగూ లేదు, వాసనా లేదు.

కొత్తది ఖరీదన్న మాట నిజమే, అది నేను కాదనను. అందుకే గట్టిగా అడగాలంటున్నాను. సెన్సర్ రీడింగులు చూపించమనండి. ఉన్న కోడులన్నీ చదవమనండి. ఎస్టిమేటు కాగితం మీద రాయించుకోండి. పాత కన్వర్టర్ వెనక్కి తీసుకోండి, చచ్చినా అందులో ప్లాటినం ఉంటుంది, స్క్రాపువాడు డబ్బిస్తాడు. "పాతదెందుకు సార్ మీకు" అని ఎవరైనా అంటే, అదెందుకో ఆయనకి బాగా తెలుసన్నమాట!

మా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియావాళ్ళు కార్లు తయారుచేస్తున్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6. కార్లు తయారుచేసే జిల్లా అయ్యాం, సంతోషమే. బాగుచేసే జిల్లా కూడా కావాలంటే కోడు చూసి తీర్పిచ్చేవాడికి కాకుండా, కారణం వెతికేవాడికే మన డబ్బులివ్వాలి. అలాంటివాడు అరగంట ఎక్కువ తీసుకుంటాడు. తీసుకోనివ్వండి.