విశ్వాసులారా, ఫార్వర్డ్ నొక్కే ముందు ఆగండి!



దేవుని పేరు మీద బెదిరింపులు మన ఫోన్లలోకి వస్తున్నాయి. పన్నెండు మందికి పంపితే రేపటిలోగా శుభవార్త వింటారట, పంపకపోతే ఇంట్లో కీడు జరుగుతుందట! మన సంఘంలోనే ఒక పెద్దావిడ ఇలాంటి మెసేజ్ చూసి రాత్రి పదకొండింటికి మనవరాలిని నిద్ర లేపింది. "మీ నాన్న లారీ మీద ఉన్నాడు తల్లీ, ముందు పన్నెండు మందికి పంపు" అంటూ పిల్ల చేతిలో ఫోన్ పెట్టింది. అన్నీ వెళ్లాయని చూసుకునేదాకా నడుం వాల్చలేదు. ఏళ్ల తరబడి ఉపవాస ప్రార్థనలు చేస్తున్న తల్లి ఆవిడ. మన కోసం సొంత కుమారుణ్ణే ఇచ్చిన తండ్రి, ఒక మెసేజ్ వెళ్లలేదని లారీ డ్రైవరు ప్రాణం మీదికి తెస్తాడా? అలా నమ్మడానికీ తాయెత్తు కట్టుకోవడానికీ తేడా లేదు. ఇలాంటివి వస్తే అక్కడికక్కడే తుడిచేయండి. ఏ కీడూ రాదు.

రెండో రకం మెసేజ్ ఇంకా ప్రమాదకరం. అది మన జాలిని వాడుకుంటుంది. ఇండియాలో బౌద్ధ తీవ్రవాదులు ఇరవై చర్చిలు తగలబెట్టారని, ఈ రాత్రికి 'ఒలిసబాంగ్' అనే రాష్ట్రంలో ఇంకో రెండు వందలు తగలబెట్టబోతున్నారని ఒక ప్రార్థన విన్నపం ఏళ్ల పాటు దేశదేశాలు తిరిగింది. ఆ పేరుతో మన దేశంలో రాష్ట్రమే లేదు! 'ఈ రాత్రి' అని ఉంటుంది తప్ప తేదీ ఉండదు, కాబట్టి ఏ సంవత్సరం చూసినా వార్త కొత్తగానే కనబడుతుంది. కానీ మన పక్కనున్న ఒడిశాలో, కంధమాల్‌లో 2008 ఆగస్టులో క్రైస్తవుల ఇళ్లు, ప్రార్థనా మందిరాలు నిజంగానే కాలాయి. వేలమంది అడవుల్లో, శిబిరాల్లో తలదాచుకున్నారు. లేని ఊరి కోసం మనం పదే పదే గగ్గోలు పెడితే, రేపు నిజంగా దెబ్బతిన్నవాళ్లు మొరపెట్టినప్పుడు ఇదీ ఫార్వర్డేలే అని అందరూ పక్కన పెట్టేస్తారు.

అమెరికా విశ్వాసులకు ఏం జరిగిందో వినండి. 1974 డిసెంబరులో జెరెమీ లాన్స్‌మన్, లోరెంజో మైలమ్ అనే ఇద్దరు అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థకు ఒక అర్జీ పెట్టుకున్నారు. విద్యా ప్రసారాల కోసం కేటాయించిన ఛానళ్లను మత సంస్థలకు ఇవ్వడం కొన్నాళ్లు ఆపి విచారణ జరపమన్నారు. 1975 ఆగస్టులో ఆ సంస్థ దాన్ని తోసిపుచ్చింది. అక్కడితో అయిపోవాల్సిన సంగతి. కానీ మాడలిన్ మర్రే ఓహేర్ అనే నాస్తికురాలు వాక్య ప్రసారాలన్నిటినీ నిషేధించమని అర్జీ పెట్టిందన్న పుకారు బయల్దేరింది. ముందు ఉత్తరాల్లో, తర్వాత ఈమెయిళ్లలో దశాబ్దాల పాటు నడిచింది. లక్షల కొద్దీ నిరసన ఉత్తరాలు ఆ ఆఫీసు మీద పడ్డాయి. అసలు ఆ అర్జీతో ఆమెకు సంబంధమే లేదు. 1995లో ఆమె హత్యకు గురైంది, ఆ తర్వాత కూడా ఆమె పేరుతో మెయిళ్లు ఆగలేదు. ఆమె దేవుణ్ణి నమ్మకపోవచ్చు. అయినా ఆమె మీద పలికింది అబద్ధ సాక్ష్యమే, పలికింది దేవుని బిడ్డలే.

నిర్గమకాండము 23వ అధ్యాయం మొదటి వచనం, సామెతలు 14:15 ఇంట్లో అందరూ కూర్చుని చదవండి. అపొస్తలుల కార్యములు 17:11 కూడా తెరవండి. బెరయలో ఉన్నవాళ్లు పౌలు బోధనే లేఖనాలతో సరిచూసుకున్నారు, అందుకు మెప్పు పొందారు. అలాంటప్పుడు ముక్కూమొహం తెలియనివాడు పంపిన మెసేజ్‌ను పరీక్షిస్తే అవిశ్వాసం ఎలా అవుతుంది?

పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయన్న ఫార్వర్డులను ఇలా పరీక్షించకుండానే నమ్మి 2018లో తెలంగాణలో అమాయకులను కొట్టి చంపారు. పంపినవాళ్లలో చాలామంది ఊరికి మేలు చేస్తున్నామనే అనుకుని ఉంటారు.

ప్రార్థన విన్నపం వస్తే వెంటనే మోకరించండి, ఆలస్యం వద్దు. ఊరి పేరు తప్పుగా ఉన్నా ప్రభువుకు సంగతి తెలుసు. ఇతరులకు పంపాలంటే మాత్రం ఊరి పేరు, తేదీ, అక్కడున్న ఒక మనిషి మాట, ఈ మూడూ ఉన్నాయో లేదో చూడండి. మెసేజ్ మీద జంట బాణాల గుర్తు ఉంటే అది ఎన్నో చేతులు మారి వచ్చిందని అర్థం. ఆపరేషన్‌కు డబ్బు అడిగితే ఆ కుటుంబంతో మాట్లాడాకే పంపండి. ఇప్పటికే పంపింది తప్పని తేలితే, అదే గ్రూపులో ఆ మాట రాయండి. పెద్దవాళ్లను గ్రూపులో అందరి ముందు నిలదీయకండి, ఇంటికి వెళ్లి పక్కన కూర్చుని చెప్పండి.

కాపరులారా, ఈ ఆదివారం ప్రకటనల సమయంలో రెండు నిమిషాలు దీనికి ఇవ్వండి. అడ్మిన్లు, ఎవరూ సరిచూడని విన్నపం గ్రూపులో పెట్టకూడదని ఈ రోజే నియమం పెట్టండి. మీ ఫోన్లో అనుమానంగా ఉన్న మెసేజ్ ఏదైనా ఉంటే ఆరాధన అయ్యాక మా దగ్గరకు తీసుకురండి, కలిసి చూద్దాం.

ఇట్లు,
సంఘ యువజనులు