మోదుగు కొమ్మపై అతిథులు

మోదుగు పూయు వేళ మా వర్ధన్నపేట పరిసరములందు ఒక పక్షుల గుంపు కొన్నినాళ్ళు కానవచ్చును. తల, రెక్కలు, తోక నలుపు. తక్కిన మేను గులాబివన్నె. ఇవి గులాబి గోరువంకలు. మధ్య ఆసియా, తూర్పు ఐరోపాలందు పుట్టి, వానకాలము చివర మన దేశమునకు వలసవచ్చి, మోదుగు, బూరుగు పూల తేనె త్రావి, ఏప్రిల్ నెలలో మరలిపోవును.

జొన్నచేలపై వ్రాలునని మన రైతు మంచెపై నిలిచి వీనిని వడిసెలతో తరిమినాడు. కష్టఫలమును కాచుకొనినవానిని తప్పుపట్టరాదు. కాని పుట్టినచోట ఇవియే మిడుతలను తిని పచ్చికను, పైరును కాపాడును. చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతమున వీనికై గూళ్ళు కట్టించి ఆహ్వానించుచున్నారు. ఇచట దొంగ, అచట కావలి! ఒక్క పొలమును చూచి పక్షికి తీర్పు చెప్పరాదు.

నేడు మన ప్రాంతమున జొన్న తగ్గి పత్తి పెరిగినది, వడిసెల మూలబడినది. గట్లపై మోదుగులును, బూరుగులును గొడ్డలికి ఎర యగుచున్నవి. తరుమువాడు లేడు, వ్రాలుటకు కొమ్మయు లేకుండునేమో!

ఉపాధ్యాయులకు మనవి: ఈ ఫాల్గుణమున ఒక ఉదయము విద్యార్థులను పూచిన చెట్టుకడకు తీసికొనిపోవలెను. చూచిన తేది, చెట్టు, పక్షుల సంఖ్య ఒక పుస్తకమున వ్రాయింపవలెను. ఏటేట పెరుగు ఆ పుస్తకమే, ఏ చెట్టును నరకరాదో రేపు ఊరికి చెప్పగలదు.