అన్న మనిషినే అడగాలి

బొబ్బిలి యుద్ధం అనగానే మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఎవరికైనా బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు గుర్తొస్తాడు. 1757 జనవరి 24న కోటలో ఆడవాళ్ళూ పిల్లలూ ప్రాణాలు పోగొట్టుకున్న తీరు గుర్తొస్తుంది. వ్యవహారం అంతదాకా ఎలా ముదిరిందో మాత్రం మనం అంతగా చెప్పుకోం. ఆ కాలపు ఇంగ్లిష్ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాసిపెట్టిన వివరాలు చూస్తే, మొదట్లో ఉన్నవన్నీ ఏ రెండు ఊళ్ళ మధ్యనైనా ఉండే తగవులే: దోచుకుపోవడం, వాగు నీళ్ళు తమ పొలాలకు మళ్ళించుకోవడం. ఆ ఫిర్యాదులను విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ చెవిన వేశాడు. బొబ్బిలి వదులుకుంటే అంతకన్నా విలువైన ప్రాంతం మరోచోట ఇస్తానని బుస్సీ బొబ్బిలి దొర రంగారావుకు కబురు పెట్టాడు. రంగారావు దాన్ని అవమానంగా తీసుకున్నాడు. ఆ తర్వాత బొబ్బిలి అడవుల గుండా వెళ్ళడానికి అనుమతి తీసుకుని బయల్దేరిన సిపాయిల దండు మీద దాడి జరిగింది, ముప్పైమంది చనిపోయారు. అది రంగారావు చేయించిన పనా, విజయరామరాజు పన్నిన పన్నాగమా అన్నది ఓర్మ్ కూడా తేల్చలేదు. బుస్సీ మాత్రం తేల్చేసుకున్నాడు, సైన్యంతో కదిలాడు. ఓర్మ్ కథనంలో బుస్సీ, రంగారావు ఎదురుబొదురుగా కూర్చుని మాట్లాడుకున్న ఘట్టం ఒక్కటీ లేదు.

ఇది అపార్థం వల్ల వచ్చిన యుద్ధం కాదు, పరువుకీ పెత్తనానికీ జరిగిన యుద్ధం అని చరిత్ర తెలిసినవారు అంటారు. రెండు సంస్థానాల మధ్య వైరం పాతదే, సందేహం లేదు. కానీ పాత వైరం ఉన్న ప్రతిచోటా కోట తగలబడదు. యుద్ధం ముగిశాక బతికి బయటపడ్డ రంగారావు పసికొడుకును బుస్సీ ఏం చేశాడో చూడండి. తండ్రికి బదులుగా ఇవ్వజూపిన ప్రాంతానికే ఆ పిల్లవాణ్ణి అధిపతిని చేస్తూ పట్టా రాయించాడని ఓర్మే చెప్పాడు. అంటే బుస్సీ దృష్టిలో అది మొదటినుంచీ మంచి బేరమే. తాతముత్తాతల మట్టిని వదలమన్న మాట బొబ్బిలి దొరకు ఎలా వినబడుతుందో ఆయనకు తట్టలేదు. బుస్సీ ఏ ఉద్దేశంతో అన్నాడో రంగారావుకూ తెలియలేదు. ఇద్దరి మధ్య మాట మోసినవాళ్ళకు ఎవరి లెక్కలు వాళ్ళకున్నాయి. విజయనగరంలో ఏటా దసరా తర్వాత మంగళవారం సిరిమానోత్సవం జరిపించుకునే పైడితల్లి అమ్మవారు విజయరామరాజు చెల్లెలేనని, ఈ యుద్ధం వద్దని అన్నను వారించిందని స్థలపురాణం. ప్రమాదం ముంచుకొస్తోందని అన్నకు చెప్పడానికి ఆమె బయల్దేరిందట, చేరేలోగానే ఆయన హతమయ్యాడట. గెలిచిన రాజు కంటే సూటిగా మాట చెప్పబోయిన ఆడపడుచునే మన ప్రాంతం దేవతగా కొలుచుకుంటోంది. ఆ ఎంపికలో గొప్ప వివేకం ఉందని నా నమ్మకం.

మన ఇళ్ళల్లో నడిచే తగవులూ ఈ దారినే ముదురుతాయి. పెళ్ళికి బొట్టు పెట్టి పిలవకుండా వాట్సాప్‌లో శుభలేఖ పంపారని మేనత్త నొచ్చుకుంటుంది. పిలవాల్సినవాళ్ళు సెలవు దొరక్క, పందిరి పనులు తెమలక అవస్థ పడుతుంటారు. ఆ సంగతి ఆమెకు తెలిసేలోగా ‘ఆళ్ళకి ఫోన్లో సెప్తే సాల్లే అన్నారంట’ అన్న మాటను మరెవరో మోసుకొస్తారు. ఆ మాట నిజంగా ఎవరన్నారో, ఏ సందర్భంలో అన్నారో, అసలు అన్నారో లేదో ఎవరూ అడగరు. ఆమె పెళ్ళికి రాదు, వీళ్ళు తర్వాత పండక్కి పిలవరు. ఉత్తరాంధ్రలో వలస లేని ఊళ్ళు తక్కువ. హైదరాబాద్, చెన్నైలలో భవన నిర్మాణానికి, గుజరాత్‌లో వీరావల్ బోట్ల మీద చేపల వేటకు, గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళకు ఇంటితో మిగిలే బంధం చేతిలోని ఫోనే. ‘పిల్లడి ఫీజు కట్టమంటన్నారు’ అని రాత్రి భార్య మెసేజ్ పెడుతుంది. పొద్దున్నుంచీ సిమెంటు మోసి వచ్చినవాడు ‘సూద్దాం’ అని ఒక్క ముక్క కొట్టి నిద్రపోతాడు. రేపు మేస్త్రీని అడ్వాన్సు అడుగుదామని అతని ఆలోచన. ఈయనకు పిల్లడి చదువే పట్టడం లేదని ఆమె చదువుకుంటుంది. పొద్దుటికి ఆమె కోపం ఆ ఒక్క మాట దగ్గరే ఆగి ఉండదు, పెళ్ళినాటి సంగతుల దాకా వెళ్ళిపోతుంది.

ఇందులో తప్పు ఆమెదీ కాదు, అతనిదీ కాదు. రాసిన మాటకు గొంతు ఉండదు. అమెరికాలో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వారి సహచరులు 2005లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని అంకెల్లో చూపింది. కొన్ని వాక్యాలను మనస్ఫూర్తిగా, కొన్నిటిని వెటకారంగా అవతలివారికి పంపమన్నారు. తాము ఏ ఉద్దేశంతో అన్నారో 78 శాతం సందర్భాల్లో ఎదుటివారికి అర్థమవుతుందని పంపినవాళ్ళు అంచనా వేశారు. గొంతుతో చెప్పినప్పుడు ఆ అంచనా దాదాపు నిజమైంది, 73 శాతం సరిగ్గా పట్టుకున్నారు. ఈమెయిల్‌లో రాసి పంపినప్పుడు అది 56 శాతానికి పడిపోయింది. అంటే బొమ్మాబొరుసూ వేసి చెప్పినదానికి కాస్త ఎక్కువ. చదివినవాళ్ళు కూడా తమకు సరిగ్గానే అర్థమైందని నమ్మకంగా ఉన్నారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ నమ్మకమే. అనుమానం ఉంటే అడుగుతాం, అనుమానమే లేకపోతే అడగాలని ఎందుకు తోస్తుంది?

ఎదుటివాడి మాటలో ఖాళీ ఉన్నచోటల్లా మన పాత గాయం వచ్చి కూర్చుంటుంది. ఉత్తరాంధ్రవాళ్ళకు అలాంటి గాయం ఒకటి ఉంది. మన యాసను ఏళ్ళ తరబడి సినిమాల్లో పనివాళ్ళ పాత్రలకూ హాస్యానికీ పరిమితం చేశారు. అందుకే పెద్ద నగరంలో ఆఫీసులో ఎవరైనా మామూలుగా ‘మీదే ఊరు?’ అని అడిగినా మన కుర్రాడికి ఎక్కడో కలుక్కుమంటుంది, జవాబు కాస్త కటువుగా వస్తుంది. అడిగినవాడికి ఆ కటుత్వం ఎందుకో తెలియదు, పొగరనుకుంటాడు. నొప్పి నిజం. అయితే ఆ నొప్పి ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషి పెట్టిందేనా అన్నది వేరే ప్రశ్న. కోపం వచ్చిన క్షణంలో ఈ రెండిటినీ విడదీసి చూడగలగడమే అసలు నేర్పు. కోపాన్ని కక్కేస్తే మనసు తేలికవుతుందని చాలామంది అంటారు. బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగం దీన్ని పరీక్షించింది. తమను విమర్శించిన మనిషిని తలచుకుంటూ సంచీని గుద్దినవాళ్ళ కోపం తగ్గలేదు సరికదా, ఏమీ చేయకుండా ఊరుకున్నవాళ్ళ కంటే ఎక్కువగా ఉంది. కాబట్టి అక్కసు వెళ్ళగక్కడం మందు కాదు. దిగమింగి ఊరుకోవడమూ మందు కాదు, మింగిన మాట మరో రోజు మరొకరి మీద పడుతుంది. కాసేపు ఆగి, అన్న మనిషి దగ్గరకే వెళ్ళి ‘నువ్వలగన్నావంట, నిజవేనా? ఎందుకన్నావు?’ అని అడగడమే దారి. మెసేజ్‌లో వచ్చిన మాటైతే మెసేజ్‌తో జవాబివ్వకుండా ఫోన్ చేసి అడగాలి.

దీనికి మొదటి అభ్యంతరం పరువు. మాట పడ్డది నేను, మళ్ళీ వెళ్ళి అడగడమూ నేనేనా అంటారు. అడగడమంటే తగ్గడమని మనకు ఎవరు నేర్పారో గానీ, ఊరి తగవులు తీర్చే పెద్దమనుషుల పద్ధతి మాత్రం దానికి విరుద్ధం. వాళ్ళు చేసే మొదటి పని ఇరుపక్షాలనూ ఒకచోట కూర్చోబెట్టి, విన్న మాట పక్కన పెట్టి, అన్న మాట అన్నవాడి నోటే చెప్పించడం. పదిమందిలో అలా అడిగినవాణ్ణి ఊరు పిరికివాడనదు. రచ్చబండ దగ్గర గౌరవమైన పని ఇంటి గడపలో చిన్నతనం ఎందుకవుతుంది?

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. అన్ని గొడవలూ అపార్థాలే అంటే, అన్యాయాన్ని కూడా మాట తేడాగా సర్దేసినట్టవుతుంది. శ్రీకాకుళం కథకుడు కాళీపట్నం రామారావు 1964లో రాసిన ‘యజ్ఞం’ చదివినవాళ్ళకు ఈ అభ్యంతరం వెంటనే తడుతుంది. అక్కడ పెద్దమనుషులు ఉన్నారు, పంచాయితీ ఉంది, ఎవరు ఏమన్నారో పదిమంది ముందే తేలింది. అంతా తేలాక కూడా సీతారాముడి ఇంటి అప్పు అప్పుగానే మిగిలింది. ఆ అప్పు కింద తన కొడుకు బతుకు నలగకూడదని సీతారాముడు కన్నబిడ్డను చంపుకున్నాడు. అతనిది ఎవరి మాటనో సరిగ్గా వినకపోవడం వల్ల పుట్టిన కోపం కాదు. దీన్ని పూర్తిగా ఒప్పుకోవాలి. అయినా అడగడం వల్ల ప్రయోజనం ఇక్కడా ఉంది. సూటిగా అడిగాకే ఇది పొరపాటా, దోపిడీనా అన్నది తేలుతుంది. పొరపాటైతే కోపం అక్కడితో చల్లారుతుంది, దోపిడీ అయితే ఆ కోపానికి సరైన ఆధారం దొరుకుతుంది. అడగకముందే రగిలిపోతే ఈ రెంటికీ తేడా ఎవరికీ కనబడదు, నిజంగా అన్యాయం జరిగినవాడి మాట కూడా ‘ఊరికే అపార్థం చేసుకున్నాడు’ అన్న ఖాతాలో పడిపోతుంది.

అయితే అడిగే భారాన్ని ఎప్పుడూ కిందివాడి మీదే వేయకూడదు. కొత్త కోడలు అత్తగారిని ‘అలా ఎందుకన్నారు?’ అని అడగలేదు. అడిగితే అదే మరో తగవవుతుంది. కూలికెళ్ళినవాడు మేస్త్రీని నిలదీస్తే మరుసటి రోజు పని ఉంటుందో లేదో తెలియదు. అక్కడ ముందుగా నోరు విప్పాల్సింది పైనున్నవాళ్ళే. కోడలి మొహం మాడిందని పొరుగింటివాళ్ళ దగ్గర వాపోయే ముందు అత్తగారే పిలిచి కారణం కనుక్కోవాలి. కూలి డబ్బు ఈ శనివారం అందదనుకుంటే, ఎందుకు అందదో, ఏ రోజున ఇస్తాడో మేస్త్రీ తానే సైటు దగ్గర అందరికీ చెప్పాలి. ఆ మాట మూడో మనిషి ద్వారా ఊళ్ళోని ఇల్లాలికి చేరేలోగా, ఆ కూలీయే ఆమెకు ఫోన్ చేసి నిజం చెప్పుకునే వీలు ఉంటుంది.