రోడ్డు కింద తుప్పు.. పైన పెరిగిన బరువు

వంతెన కూలితే దేశమంతా చూస్తుంది. 2024 వానాకాలంలో బిహార్‌లో వరసగా కూలినవి, 2025 జులై 9న గుజరాత్‌లో మహీ నదిపై కూలిన గంభీరా వంతెన కొన్నాళ్లు పతాక శీర్షికల్లో ఉన్నాయి. మట్టిలో పూడ్చిన కల్వర్టుకు ఆ పాటి గుర్తింపు కూడా ఉండదు. దాని మీదుగా రోజూ వెళ్లేవారికే అది ఉందని తెలియదు. వీటిలో ముడతల ఉక్కు రేకుతో చేసిన గొట్టాల సంగతి వేరుగా చూడాలి. తేలికగా ఉంటాయి, త్వరగా బిగించవచ్చు కాబట్టి ఇంజనీర్లకు ఇష్టం. చిక్కంతా తర్వాతే.

కాంక్రీటు తూము చాలావరకు తన బలంతోనే నిలబడుతుంది. కొన్ని మిల్లీమీటర్ల మందం ఉండే రేకు గొట్టానికి ఆ శక్తి లేదు. లారీ పైకి రాగానే దాని నడినెత్తి కాస్త కిందికి దిగి, పక్కలు బయటికి ఉబ్బబోతాయి. ఆ ఉబ్బును ఆపేది చుట్టూ దిమ్మిస కొట్టిన మట్టి. అమెరికాలోని అయోవాలో పనిచేసిన స్పాంగ్లర్ 1941లోనే దీన్ని లెక్క కట్టి చూపించారు. ఇలాంటి గొట్టం ఎంత వంగుతుందన్నది రేకు కంటే పక్క మట్టి గట్టిదనం మీదే ఎక్కువ ఆధారపడుతుంది. అందుకే మట్టిని రెండు వైపులా సమంగా, పలుచని పొరలుగా వేయాలి. ఒక పక్కే గుమ్మరిస్తే రోడ్డు తెరవకముందే గొట్టం ఒరుగుతుంది. పైన తగినంత మట్టి లేనప్పుడు చక్రం బరువు పరుచుకోకుండా ఒకేచోట పడుతుంది. పని సగంలో ఉండగా పైకెక్కించే రోలరు, తర్వాత తిరిగే లారీల కంటే ప్రమాదకరం కావచ్చు.

ఇంకో శత్రువు అడుగున ఉంటుంది. ఇసుక, గులకరాళ్లతో పారే నీరు జింకు పూతను అరగదీస్తుంది, ఆపై తుప్పు మొదలవుతుంది. అడుగు చిల్లులు పడితే నీరు గొట్టం బయటికి చేరి, ఏ మట్టి గొట్టాన్ని పట్టి నిలిపిందో ఆ మట్టినే మోసుకుపోతుంది. ఇంత జరిగినా పైన తారు మామూలుగానే కనిపించవచ్చు.

ఆస్ట్రేలియాలో 2007 జూన్ 8న జరిగింది ఇదే. న్యూసౌత్‌వేల్స్‌లోని సోమర్స్‌బీ దగ్గర ఓల్డ్ పసిఫిక్ హైవే కింద ఉక్కు గొట్టాల కల్వర్టు తుఫాను వానకు కూలింది. కారులో వెళ్తున్న ఒకే కుటుంబానికి చెందిన ఐదుగురు చనిపోయారు. గొట్టాలు తుప్పు పట్టాయని స్థానిక కౌన్సిల్‌కు ముందే తెలుసని మరణ విచారణలో తేలింది. ఫైలు నడిచింది, మరమ్మతు నడవలేదు.

మన దగ్గర 2018 జులైలో కేంద్రం సరుకు వాహనాల ఇరుసు బరువు పరిమితిని పెంచింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నులు కాస్తా 11.5 అయింది. మొత్తం వాహనం బరువు గరిష్ఠంగా 49 నుంచి 55 టన్నులకు పెరిగింది. సరిగా కట్టిన కొత్త గొట్టానికి ఇది భయపడాల్సిన తేడా కాదు. డిజైన్‌లో అంతకన్నా ఎక్కువ బరువే లెక్కిస్తారు. అయితే ఆ లెక్క మందం తగ్గని రేకుకు, కదలని మట్టికి వేసినది. అడుగు అరిగిన పాత గొట్టానికి ఆ భద్రత ఎంత మిగిలిందో కాగితం చెప్పలేదు. పరిమితిని ఏనాడూ లెక్కచేయని ఇసుక, గ్రానైట్ లారీల సంగతి సరే సరి.

పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. వానలకు ముందు ఒక మనిషి టార్చితో లోపలికి వెళ్లి, అడుగు రేకును సుత్తితో తట్టి, ఎత్తూ వెడల్పూ కొలిస్తే చాలావరకు తెలిసిపోతుంది. అరిగిన అడుగుకు కాంక్రీటు పరచవచ్చు, లోపల ఇంకో గొట్టం దూర్చవచ్చు. కానీ బిగించిన రోజున ఆ ఎత్తూ వెడల్పూ ఎంతో రాసిపెట్టకపోతే, పదేళ్ల తర్వాత వచ్చిన ఇంజనీరు తన కొలతను దేనితో పోల్చుకోవాలి?